పసిపాపల కామెర్లు – పొత్తిగుడ్డపై తల్లి చూడవలసిన గుర్తు

పురిటింట బిడ్డ ఒడలు పచ్చబడుట మనకు క్రొత్త గాదు. పుట్టిన రెండవనాడో మూడవనాడో కన్నుల తెల్లగ్రుడ్లు పసుపుడాలు దేరును. ముఖము, రొమ్ము పచ్చనగును. వారము పదిదినములు గడచిన పిమ్మట ఆ పసిమి దానంతట అదియే విడిచిపోవును. నెలలు నిండి పుట్టిన బిడ్డలలో సగమునకు మించిన వారికి ఇట్లగునని వైద్యులు చెప్పుచున్నారు. తల్లి గర్భమున నున్నపుడు శిశువునకు ఎర్ర రక్తకణములు అధికముగా నుండును. పుట్టిన పిదప అవి విరిగి, వానినుండి బిలిరుబిన్ అను పచ్చని పదార్థము వెలువడును. దానిని మార్చి బయటికి పంపు పని కాలేయముది. లేత కాలేయము ఆ పనికి అలవాటు పడులోపల కొంత పసిమి ఒంట నిలుచును.

అందుచేతనే మన పెద్దమ్మలు, అమ్మమ్మలు "అదే పోతుందిలే తల్లీ! పొద్దుటెండలో కాసేపు చూపించు" అని ధైర్యము చెప్పుదురు. పెక్కు బిడ్డల విషయమున ఆ మాట నిజమే యగుచున్నది. అది అంత తరచుగా నిజమగుటయే ఇందలి చిక్కు. వేల యిండ్లలో నిజమైన మాట ఒక యింట తప్పిపోవును. ఆ యింటి బిడ్డకు మాత్రము తిరిగి రాని కాలము చేజారును.

మొదటి 24 గంటలలోనే పచ్చబడిన బిడ్డను, అరచేతులకు అరికాళ్లకు పసిమి ప్రాకిన బిడ్డను, పాలు త్రాగక మగతగా పడియుండు బిడ్డను క్షణమైనను ఆలసింపక ఆసుపత్రికి గొనిపోవలెను. అది వేరొక అపాయము. నేను వ్రాయబూనినది పాలు చక్కగా త్రాగుచు, చూచువారికి ఆరోగ్యవంతుడుగానే కనబడుచు, పసిమి మాత్రము వదలని బిడ్డను గూర్చి.

పైత్యరసము – దాని త్రోవ

కాలేయము కడుపులో కుడిప్రక్క డొక్కల చాటున నుండును. అది రేయింబవళ్లు పైత్యరసమును తయారుచేయుచుండును. ఆ రసము కాలేయములోని మిక్కిలి సన్నని నాళములలో చేరును. ఆ నాళములు ఒకదానితో నొకటి కలిసి, తుదకొక గొట్టమై చిన్నప్రేవులోనికి పోవును. నడుమ పిత్తాశయమను చిన్నసంచిలో కొంత రసము నిలువ యుండును. సాగరు కుడికాలువ నెరిగిన మన పల్నాటి స్త్రీలకు ఇది బోధపడుట కష్టము గాదు. కాలువలో నీరు పెద్దదానినుండి పిల్లకాలువలకు పారును; ఇచట పిల్లకాలువలనుండి పెద్దదానికి వచ్చును. అంతియే భేదము.

ఈ రసమునకు ముఖ్యముగా రెండు పనులు గలవు. పాలలోని కొవ్వును జీర్ణము చేయుట ఒకటి. బిలిరుబిన్ వంటి మాలిన్యములను బయటికి పంపుట రెండవది. మలమునకు పసుపు రంగు వచ్చుట దీనివలననే. త్రోవ మూసికొని పోయినచో మలము రంగు తొలగి తెల్లబడును. ప్రేవులోనికి పోలేని బిలిరుబిన్ రక్తములోనికి మరలి, మూత్రము గుండ పోవుచు దానికి ముదురు పసుపు వన్నె తెచ్చును. వెనుక నిలిచిపోయిన రసము కాలేయమునే చెరచును. అది నానాటికి గట్టిపడి తుదకు పనికిరాకుండ పోవును.

మన ప్రాచీన వైద్యులును ఈ గుర్తు నెరుగుదురు. చరకసంహిత చికిత్సాస్థానమున పాండురోగమును గూర్చిన యధ్యాయములో కామల యను పేర కామెర్ల ప్రస్తావము కలదు. అందొక విధమగు కామలలో మలము నూరిన నువ్వుల వలె నుండుననియు, పిత్తము పోవు త్రోవను కఫము అడ్డగించుట అందుకు కారణమనియు చెప్పబడినది. కఫమును గూర్చిన వారి సిద్ధాంతమును నేటి వైద్యులు అంగీకరింపకపోవచ్చును. కాని మలము రంగు జూచి లోపలి త్రోవ మూసికొన్నదని గ్రహించిన వారి చూపు నేటికిని చెల్లుచున్నది.

పుట్టుకతో వచ్చు నాళదోషములు

ఈ దోషములలో ప్రధానమైనది బిలియరీ అట్రీషియా. కాలేయమునకు వెలుపలనున్న పైత్యనాళములు పుట్టుకకు ముందో, పుట్టిన కొలది దినములకో వాచి, పూడి, నారపోగువలె అయిపోవుట దీని స్వభావము. ఐరోపాలో సుమారు 15 నుండి 20 వేల కాన్పులకు ఒకటియు, తైవానులో 5, 6 వేల కాన్పులకు ఒకటియు కనబడుచున్నది. మగపిల్లలకన్న ఆడుపిల్లలకు కొంచెము ఎక్కువ. ఎడింబరో వైద్యుడు జాన్ థామ్సన్ 1892 నాటికే ఇట్టి బిడ్డల వృత్తాంతములను కూర్చి ప్రకటించెను. కాని అప్పటికి దీనికి మందు గాని, శస్త్రము గాని లేకుండెను.

రెండవది కోలిడోకల్ సిస్టు. ఇందు నాళము మూసికొనదు, బుడగవలె ఉబ్బును. ఇది ఆసియా దేశములలో ఎక్కువ. మగపిల్లలకన్న ఆడుపిల్లలకు మూడు నాలుగు రెట్లు అధికము. మూడవది అలజీల్ వ్యాధి. ఫ్రెంచి వైద్యుడు డానియెల్ అలజీల్ పేర ఇది వ్యవహరింపబడుచున్నది. ఇందు కాలేయము లోపలి నాళములే తక్కువగా నుండును. దానితో గుండె దోషము, వెన్నుపూసల ఆకారభేదము, ఎత్తైన నుదురు, మొనదేరిన గడ్డము కూడ కనబడవచ్చును. ఇది కుటుంబములో సంక్రమించు వ్యాధి.

తల్లులకు ముఖ్యముగా తెలియవలసిన మాట యొకటి గలదు. బిలియరీ అట్రీషియా తల్లి తినిన తిండివలన వచ్చినది గాదు. గ్రహణమునాడు ఆమె చేసిన పనివలన వచ్చినది గాదు. దృష్టివలన వచ్చినది అంతకన్న గాదు. దానికి నిశ్చయమైన కారణము నేటికిని తేలలేదు. ఒక బిడ్డకు వచ్చినచోట తరువాతి బిడ్డకు వచ్చుట మిక్కిలి అరుదు. కోడలిపై నేరము మోపుటకు వెచ్చించు దినములు బిడ్డ ఆయువులోనుండి తీసివేసిన దినములే.

పొత్తిగుడ్డపై చూడవలసినది

తల్లిపాలు త్రాగు బిడ్డ మలము ఆవపిండి కలిపిన రంగున నుండును. ఒక్కొక్కప్పుడు ఆకుపచ్చగా నుండును. ఇవి రెండును మంచివే. సున్నపు తెలుపు, నూరిన నువ్వుల రంగు, ఎండిన బంకమట్టి రంగు, పాలిపోయిన మీగడ రంగు – ఇవి చెడుగుర్తులు. పసిబిడ్డ మూత్రము నీటివలె నుండవలెను. తెల్లగుడ్డపై పసుపు మరక నిలిచినచో అదియు చెడుగుర్తే. మొదటి దినములలో పసుపుగానే యుండి, రెండు మూడు వారములలో క్రమక్రమముగా తెల్లబడుటయు గలదు. కావున ఒకనాడు చూచి ఊరకుండరాదు. పగటి వెలుతురున, తెల్లని గుడ్డపై, దినదినమును చూడవలెను. డైపరులు వాడువారు వానిని చుట్టి పారవేయుటకు ముందు విప్పి చూడవలెను.

మన ఆచారములలో కొన్ని ఈ గుర్తులను కప్పివేయును. నలుగుపిండిలో పసుపు కలిపి రుద్దిన బిడ్డ ఒంటిపై కామెర్ల పసిమి తెలియదు. కాటుక దట్టముగా దిద్దినచో కంటి తెల్లగ్రుడ్డు స్పష్టముగా కనబడదు. చలిగాలి తగులునని కిటికీలు మూసిన పురిటిగదిలో, దీపపు వెలుతురున రంగుల తేడా తెలియుట కష్టము. పసుపు, కాటుక రెండు వారములు మాని, ఉదయమున వాకిట వెలుతురులో బిడ్డ ముక్కుకొనను వ్రేలితో మెల్లగా నొక్కి విడిచి చూచినచో పసిమి యున్నదో లేదో తెలియును.

వైద్యులు రోగమును నిర్ణయించు క్రమము

నెలలు నిండి పుట్టిన బిడ్డకు 14 దినములు, నెలలు నిండక పుట్టిన బిడ్డకు 21 దినములు దాటినను కామెర్లు తగ్గనిచో రక్తపరీక్ష చేయింపవలెను. మలము తెల్లబడినచో ఆ గడువు వరకును ఆగనక్కరలేదు. బిలిరుబిన్ రెండు విధములు: కాలేయము ఇంకను మార్చనిది ఒకటి, మార్చినది రెండవది. ఈ రెండింటిని వేరుపరచి చూపు పరీక్షను హాలండు వైద్యుడు వాన్ డెన్ బర్గు ఇరువదవ శతాబ్దారంభమున వాడుకలోనికి తెచ్చెను. కాలేయము మార్చిన దానిని నేటి పరీక్షశాలలలో 'డైరెక్టు' అని వ్రాయుదురు. సాధారణపు పసిమిలోను, తల్లిపాల వలన కొన్నాళ్లు నిలుచు పసిమిలోను ఈ డైరెక్టు భాగము స్వల్పము. అది డెసిలీటరునకు 1 మిల్లీగ్రామును మించినచో కాలేయమున గాని, నాళములలో గాని దోషమున్నదని శంకింపవలెను. కాబట్టి మొత్తము ఎంతయని మాత్రమే గాక, డైరెక్టు ఎంతయని అడుగుట నేర్చుకొందము. ఈ పరీక్షకై తల్లిపాలు మాన్పనక్కరలేదు.

ఆ పిమ్మట బిడ్డకు కొన్ని గంటలు పాలు పట్టక కడుపు స్కాను తీయుదురు. బిలియరీ అట్రీషియాలో పిత్తాశయము ముడుచుకొని యుండును, లేక కనబడనే కనబడదు. కోలిడోకల్ సిస్టు ఈ స్కానులో బుడగవలె స్పష్టముగా తెలియును. మరికొన్ని పరీక్షలు థైరాయిడు లోపమును, పాలలోని చక్కెర పడకుండు గెలాక్టోసీమియాను, సూక్ష్మజీవులవలని రోగములను వేరుపరచును. వీనిలో కొన్నిటికి మందులతోడనే కుదురు గలదు గనుక ఈ విభజన మిక్కిలి అవసరము. హైడా స్కాను అను పరీక్షలో రక్తములోనికి ఎక్కించిన యొక పదార్థము 24 గంటలలో ప్రేవునకు చేరినదా లేదా అని చూతురు. చేరినచో త్రోవ తెరిచియున్నట్లే. చేరనంతమాత్రమున మూసికొన్నదని నిశ్చయింపరాదు. కాలేయము మిక్కిలి వాచినపుడును అది చేరకపోవచ్చును. సన్నని సూదితో కాలేయపు తునుక దీసి సూక్ష్మదర్శినితో పరీక్షించుటయు కలదు. తుది నిర్ణయము శస్త్రశాలలో జరుగును. పిత్తాశయములోనికి రంగుమందు పంపి ఎక్స్‌రే తీసి, ఆ మందు పోయిన త్రోవను కంటితో చూతురు.

ఈ బిడ్డల విషయమున మరియొక జాగ్రత్త. పైత్యరసము లేనిచో కె విటమిను ఒంటబట్టదు. అది లేనిచో రక్తము గడ్డకట్టదు. బొడ్డునుండి గాని, ముక్కునుండి గాని రక్తము చెమ్మగిల్లుట, టీకా వేసినచోట రక్తము ఆగకుండుట కామెర్ల బిడ్డలో చూచినచో ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. తలలో రక్తస్రావమగు భయము కలదు.

అరువది దినముల లెక్క

ఇంత తొందర యెందుకని మీరడుగవచ్చును. జపానులోని సెండాయి నగరమున తొహొకు విశ్వవిద్యాలయపు శస్త్రవైద్యుడు మొరియో కసాయి 1955లో ఒక శస్త్రమును మొదలుపెట్టి 1959లో ప్రకటించెను. పూడిపోయిన నాళమును కోసివేసి, చిన్నప్రేవులో కొంత భాగమును పైకి తెచ్చి కాలేయపు ముఖద్వారమునకే కుట్టుదురు. అచట మిగిలియున్న అతి సూక్ష్మనాళములగుండ పైత్యరసము ప్రేవులోనికి దిగును. ఈ శస్త్రము 60 దినముల లోపల జరిగినచో రసము పారు అవకాశము ఎక్కువ. 90 దినములు దాటిన పిదప ఆ సూక్ష్మనాళములును పూడిపోయి, కాలేయము గట్టిపడి, ఆశ మిక్కిలి సన్నగిల్లును. ఏ చికిత్సయు లేనిచో ఇట్టి బిడ్డలలో చాలమంది రెండేండ్లు దాటి బ్రదుకరు.

ఇప్పుడీ 60 దినములను మన యింటి పంచాంగముతో సరిచూడుడు. తొలికాన్పు పుట్టింట జరుగును. 14వ దినమునాటికి పురుడు వెళ్లినను బిడ్డను వాకిలి దాటింపరు. 21వ దినమున బారసాల. ఆ వేడుకలో పదిమంది ముద్దాడి "బిడ్డ పసిమిచాయ" అని మెచ్చుకొందురు. నెల దాటిన పిదప తల్లికి అనుమానము తోచినను, పరీక్షకు అత్తవారి మాట రావలెనని పుట్టింటివారు జంకుదురు. మన దాచేపల్లి ప్రాంతమున పత్తితీతలు, మిరపకోతలు ముమ్మరముగా నున్న దినములలో మగవారు చేలలోను, కల్లములలోను ఉందురు. "కోత కాగానే పోదము" అనుచుండగనే మరి రెండు వారములు గడచును. ఈలోపల ఎవరో పసరుమందు పోయుదురు. మరియెవరో పొట్టపై వాతలు వేయింతురు. నేలఉసిరి గాని, మరియే మూలిక గాని పూడిన నాళమును తెరువజాలదు. పొద్దుటెండయు ఈ కామెర్లను తగ్గింపదు. వాతవలన పుండు, పసరువలన విషము బిడ్డకు అదనపు బాధలు. తల్లి మూడవ మాసమున బిడ్డతో అత్తవారింటికి బయలుదేరునప్పటికి మంచి గడువు దాటిపోయి యుండును.

దీనికి విరుగుడును మన యింటి ముంగిటనే యున్నది. 2011లో మొదలైన పథకము ప్రకారము ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ దినములలో బాలింత యింటికి వచ్చి బిడ్డను చూడవలెను. 14వ దినమున ఆమె వచ్చినపుడు పొత్తిగుడ్డ తీసి చూపుడు. ఆరవ వారమున టీకాలకు బిడ్డను ఎటులైనను గొనిపోవుదుము. ఆనాడు "టీకా వేయుటకు ముందు బిడ్డ కన్నులు చూడుడు, మలము ఈ రంగున నున్నది" అని డాక్టరుతో చెప్పుడు. అప్పటికి 42 దినములైనవి. ఇంకను 18 దినములు చేతిలో నున్నవి. పరీక్షలకు గుంటూరు పెద్దాసుపత్రికి గాని, హైదరాబాదు నీలోఫరు ఆసుపత్రికి గాని పోవుటకు మనకు నడికుడి జంక్షనులో రైలు గలదు. ఖర్చునకు వెరచి నిలిచిపోకుడు. 2007లో ఆరోగ్యశ్రీగా ప్రారంభమై, నేడు ఆంధ్రప్రదేశమున డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్యసేవ యను పేర నడుచుచున్న పథకము క్రింద ఏమి లభించునో ఆసుపత్రిలోని వైద్యమిత్ర నడిగి తెలిసికొనుడు.

ఇతర దేశముల తల్లులు చేయుచున్నది

జపానులో వైద్యుడు అకిరా మత్సుయి మలము రంగులు ముద్రించిన చిన్న కార్డు నొకటి కల్పించెను. 1994లో తొచిగి మండలమున దానిని తల్లులకు పంచనారంభించిరి. తల్లి బిడ్డ మలమును కార్డుపై రంగులతో పోల్చి, ఏ అంకె రంగున నున్నదో చెప్పవలెను, అంతియే. తైవాను 2002లో దీనిని ప్రయోగముగా మొదలుపెట్టి 2004లో దేశమంతట బిడ్డల ఆరోగ్యపు పుస్తకములో చేర్చెను. పిమ్మట అచట 60 దినములలోపల శస్త్రము పొందిన బిడ్డల పాలు పెరిగెను. 2012లో జపాను దేశమంతటను తల్లీబిడ్డల పుస్తకములో ఈ కార్డు చేరెను. వెలగల యంత్రమేదియు ఇందులో లేదు. కాగితముపై అద్దిన రంగులు, తల్లి కన్ను – ఈ రెండే.

కాలము దాటిన బిడ్డల గతి

కసాయి శస్త్రము అందరికిని సంపూర్ణముగా ఫలించునని చెప్పుట సత్యము గాదు. ఫలించిన వారిలోను అనేకులకు కొన్నేండ్లకు కాలేయమార్పిడి కావలసివచ్చును. ఐనను ఆ కొన్నేండ్లు బిడ్డ ఎదుగుటకు, బలము పుంజుకొనుటకు లభించును. మనుష్యునికి కాలేయమార్పిడి చేయు మొదటి యత్నము 1963లో అమెరికాలోని డెన్వరు నగరమున థామస్ స్టార్జల్ అను శస్త్రవైద్యుడు బిలియరీ అట్రీషియా గల మూడేండ్ల బాలునికే చేసెను. ఆ బాలుడు దక్కలేదు. 1998 నవంబరులో ఢిల్లీ అపోలో ఆసుపత్రిలో ఇదే వ్యాధి గల, రెండేండ్లయినను నిండని తమిళదేశపు పసివానికి తండ్రి తన కాలేయమున కొంత నిచ్చెను. మన దేశమున పసివారిలో సఫలమైన మొదటి కాలేయమార్పిడి అదియే. ఆ బిడ్డ పెరిగి డాక్టరయ్యెను. 2024లో హైదరాబాదు ఉస్మానియా ప్రభుత్వాసుపత్రిలో ఇట్టి రోగముతో పుట్టిన మూడేండ్ల తెలంగాణ బాలునికి తల్లి తన కాలేయభాగము నిచ్చి రక్షించుకొన్నది. ఇచ్చినవారి కాలేయము మరల పెరుగును.

పెద్ద ఆడుపిల్లల విషయము

తుదిగా, నడయాడు వయస్సు గల కూతుళ్లను గూర్చి యొక మాట. కోలిడోకల్ సిస్టు పుట్టుకతోనే యున్నను, ఏండ్లు గడచిన పిదప బయటపడుట కలదు. మాటిమాటికి పొట్ట పైభాగమున కుడివైపు నొప్పి, నడుమ నడుమ వచ్చిపోవు కామెర్లు, చేతికి తగులు గడ్డ – ఇవి దాని లక్షణములు. ఈ మూడును ఒక్కసారిగా కనబడుట తక్కువ. "ఆడుపిల్ల, బడికి పోకుండ వంకలు పెట్టుచున్నది" అనియో, "నులిపురుగులు" అనియో త్రోసివేయక ఒక్కసారి స్కాను తీయింపుడు. ఆ బుడగను పూర్తిగా తొలగించి ప్రేవునకు నాళమును కలిపినచో పిల్ల సుఖముగా బ్రదుకును. వదలిపెట్టినచో పెద్దతనమున అచట పుట్టకురుపు బయలుదేరు ప్రమాదము కలదు.

సోదరీమణులారా! ఈ రోగములను నిర్ణయించుట వైద్యుల పనియే. కాని వైద్యుని యొద్దకు బిడ్డ చేరవలెనన్నచో మొదట చూడవలసినది పొత్తిగుడ్డ మార్చు స్త్రీ. ఆమె తల్లి గావచ్చును, అమ్మమ్మ గావచ్చును, నీళ్లు పోయు ముసలమ్మ గావచ్చును. మూడు మాటలు వీరందరికిని చెప్పియుంచుడు: దినదినమును మలము రంగు చూడవలెను, 14వ దినమునకు పసిమి పోనిచో డైరెక్టు బిలిరుబిన్ పరీక్ష చేయింపవలెను, దోషము తేలినచో 60వ దినములోపల శస్త్రవైద్యుని చేరవలెను. మీ వీధిలో ఈ నెల పురుడు వచ్చిన యింటికి చూడబోవునపుడు, బిడ్డకు గౌనుతోపాటు ఈ మూడు మాటలను గూడ తీసికొని పొండు.